ఎరిగినవాళ్ల ఊళ్లో విషం

ఇంగ్లండ్ పల్లెల్లో జరిగే హత్యా నవలలు నడిచేదంతా పరిచయం మీదే. దీని వెనక 1851 నాటి పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) చట్టం ఉంది.

తెల్ల పాషాణం చూడటానికి పిండిలా ఉంటుంది. రుచీ వాసనా దాదాపు తెలియవు. తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆనాటి డాక్టర్లు కలరా అనుకునేవారు. 1836లో పాషాణాన్ని పట్టే పరీక్షను రసాయన శాస్త్రవేత్త జేమ్స్ మార్ష్ తెచ్చాడు. అనుమానమున్న పదార్థాన్ని జింకు, ఆమ్లంతో కలిపి, వెలువడే వాయువును గాజు గొట్టంలో వేడిచేస్తే, పాషాణం ఉన్నప్పుడు నల్లగా మెరిసే పూత పడుతుంది. అయితే ముందు ఎవరికో ఒకరికి అనుమానం రావాలి కదా. అందుకే చట్టం అమ్మకం దగ్గరే పట్టు బిగించింది. చిల్లరగా అమ్మే పాషాణంలో పౌనుకు కనీసం ఒక ఔన్సు మసి గానీ అర ఔన్సు నీలిమందు గానీ కలపాలి. కొన్నవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి. ముక్కూమొహం తెలియని మనిషికి అమ్మాలంటే, ఇద్దరినీ ఎరిగిన సాక్షి ఉండాలి!

వేల్స్ సరిహద్దులోని చిన్న ఊరు హే-ఆన్-వైలో ఆ పరిచయమే హంతకుణ్ణి పట్టించింది. హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే న్యాయవాది భార్య 1921 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు రోగంతో పోయిందనే అనుకున్నారు. అక్టోబరులో ఆయన ఇంట్లో టీకి వెళ్లిన పోటీ న్యాయవాది, ఆయన చేత్తో అందించిన స్కోన్ అనే చిన్న రొట్టె తిని జబ్బుపడ్డాడు. ఆ న్యాయవాది మామగారే ఊళ్లో మందుల షాపాయన. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు పాషాణం అమ్మిందీ ఆయనే. జబ్బుపడ్డ అల్లుడి మూత్రం పరీక్షిస్తే పాషాణం తేలింది. భార్య శవాన్ని తవ్వితీస్తే అందులోనూ తేలింది. తోటలో కలుపు చంపడానికి కొన్నానని చెప్పినా, 1922 మేలో ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఉరితీశారు.

నవలలకు కావలసిన సరుకంతా అందులోనే ఉంది. ఎవరూ ఎరగని విషాలు వాడకూడదని 1929లో డిటెక్టివ్ నవలలు రాసే రోనాల్డ్ నాక్స్ నియమం పెట్టాక, షెడ్డులోని కలుపు మందే పాఠకుడికి న్యాయమైన విషమైంది. మొదటి ప్రపంచ యుద్ధం మగవాళ్లను మింగేయడంతో 1921 జనగణనలో పురుషులకన్నా స్త్రీలు 17 లక్షలకు పైగా ఎక్కువ తేలారు. పెళ్లికాని స్త్రీ కిటికీలోంచి ఊరిని చదివే పరిశోధకురాలిగా మారింది ఆ దశకంలోనే. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ 1927లో కథలోకి, 1930లో నవలలోకి వచ్చింది.

క్రిస్టీ 1950 నాటి నవల ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’లో ఆ పరిచయపు పునాది కదిలింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్లోకి కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లెవరో చెప్పేది రేషను పుస్తకం, ఫొటో లేని గుర్తింపు కార్డు మాత్రమే. నాకు ఆమె నవలల్లో సామాజికంగా అత్యంత పదునైనది ఇదే.

తర్వాతివాళ్లకు ఇంకో చిక్కు ఎదురైంది. ఒకే ఊళ్లో ఎన్ని హత్యలని నమ్మించగలరు? 1997లో మొదలైన ‘మిడ్‌సమర్ మర్డర్స్’ సీరియల్ అందుకే ఒక కల్పిత కౌంటీనే (జిల్లానే) తీసుకుంది. 2020లో రిచర్డ్ ఆస్మన్ తన నవలను కెంట్‌లోని విశ్రాంత వృద్ధుల నివాసంలో పెట్టారు. అక్కడ ఒకరి సంగతి ఒకరు కనిపెట్టే తీరిక అందరికీ ఉంది.