శిరీష పువ్వులో మనకు కనిపించేవి రేకులు కావు

మనవరాలికి శిరీష అని పేరు పెట్టారట, అది అసలు ఏ పువ్వో చెప్పమని ఒక పాఠకురాలు అడిగారు. దిరిసెన పువ్వమ్మా! ఊళ్లలో రోడ్ల పక్కన నీడనిచ్చే దిరిసెన చెట్టే. శిరీషం అంటూ నెట్‌లో తిరిగే గులాబీ రంగు ఫోటోల్లో కొన్ని నిద్రగన్నేరువి. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు, కాళిదాసు చూసే అవకాశమే లేదు.

ఆయన దిరిసెనను మాత్రం బాగా దగ్గర్నుంచే చూశాడు. శాకుంతలం మొదట్లో నటి పాడే వేసవి పాటలో, ఆడవాళ్లు చెవిన పెట్టుకునే శిరీషాల కేసరాల కొసలు ఎంత సుకుమారమో చెప్పించాడు. రేకుల ఊసే లేదు. ఏప్రిల్‌లో ఒక పువ్వు తెంపి చూస్తే కారణం తెలుస్తుంది. పౌడర్ పఫ్‌లా ఉన్న ఆ గుండ్రటిది ఒక్క పువ్వు కాదు, చాలా చిన్న పూల గుత్తి. ఒక్కోదానికి రేకులున్నాయి గానీ, అవి అతుక్కుపోయి బుల్లి గొట్టంలా అడుగున దాక్కుంటాయి. పైకి పొడుచుకొచ్చిన దారాలు దాదాపు అన్నీ కేసరాలే, అంటే పువ్వులోని మగ భాగాలు. పురుగుల్ని పిలిచే పని రేకులు మానేస్తే కేసరాలు అందుకున్నాయి.

ప్రతి కేసరం కొసన పుప్పొడి ఉంటుంది. అయితే విడివిడి రేణువులుగా కాదు, ముద్దలుగా. దిరిసెన చేరే ఆల్బిజియా ప్రజాతిలో ముద్దకు సాధారణంగా 16 రేణువులు. కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కొస, ఎంత చిన్నదంటే దాని మీద దాదాపు ఒక్క ముద్దకే చోటు. దిరిసెన కాయలో గింజలు సుమారు 5 నుంచి 12. లెక్క చూడండి: ఒక్కో గింజకు ఒక్కో రేణువు చాలు కాబట్టి, ఒక్క ముద్ద సరిగ్గా పడితే కాయ మొత్తానికీ సరిపోతుంది, ఆ గింజలన్నిటికీ తండ్రి ఒకే చెట్టు! తేనెటీగ మళ్లీ మళ్లీ రానక్కర్లేదు.

కుమారసంభవంలో తపస్సుకు బయల్దేరిన పార్వతితో తల్లి మేన అంటుంది: శిరీష పువ్వు తుమ్మెద కాలు మోయగలదు గానీ పక్షి కాలు మోయలేదని. తల్లి దిగులుతో అన్నా వృక్షశాస్త్రం తప్పలేదు. పువ్వుకు కావలసిందీ ఆ తుమ్మెద కాలే.

పేరు శతభిషానికి కుదురుతుందా, ఇంగ్లిష్ స్పెల్లింగులో ఇంకో అక్షరం తగిలిస్తే కలిసొస్తుందా అని టెన్షన్ పడేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. పాపను ఒకసారి చెట్టు కిందకు తీసుకెళ్లండి. పూలు సాయంత్రం బాగా వాసన వేస్తాయి. చలికాలమైతే జానెడు పొడవున ఎండిన కాయలు గాలికి గలగలలాడుతుంటాయి, ఒకటి విప్పి గింజలు లెక్కపెట్టించండి.