కడుపుతో ఉన్నవాళ్లకు కోవిడ్ టెస్ట్: మా ఓపీలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కొత్త వేరియంట్ అని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, ఆ వారమంతా మా గైనిక్ ఓపీలో ఇవే ప్రశ్నలు. నేను పనిచేసేది శ్రీకాకుళం జిల్లాలో. టెక్కలి, పలాస, ఉద్దానం, పాతపట్నం వైపు నుంచి పేషెంట్లు వస్తుంటారు, అప్పుడప్పుడు సీతంపేట, కురుపాం వైపు నుంచి కూడా. 2020 వేసవిలో గుజరాత్‌లోని వేరావల్ నుంచి మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగొచ్చిన రోజుల్లో ఊళ్లలో పుట్టిన భయాలు కొన్ని ఇప్పటికీ పోలేదు. టెస్ట్‌కి భయపడేవాళ్లు నిజానికి తక్కువే. పాజిటివ్ వస్తే ఇంట్లో ఎవరూ దగ్గరికి రారేమో, ఆపరేషన్ చేసేస్తారేమో, పుట్టిన బిడ్డను చూడనివ్వరేమో అని భయపడి అసలు జ్వరం సంగతే చెప్పరు. నష్టమంతా ఆ దాచడంలోనే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: "ఏటి మేడమ్, ముక్కులో పుల్ల పెడితే కడుపులో బిడ్డకేటీ అవదా?"

ఏమీ అవదు. ఆ పుల్ల సన్నటి ప్లాస్టిక్ కాడ, చివర మెత్తటి నైలాన్ నూగు ఉంటుంది, దానికి మందేమీ రాసి ఉండదు. తలను కాస్త వెనక్కి వాల్చి, ముక్కు అడుగు వెంబడి నేరుగా లోపలికి, అంటే నుదుటి వైపు పైకి కాకుండా చెవి వైపుగా తీసుకెళ్లి, ముక్కూ గొంతూ కలిసే చోట కొన్ని సెకన్లు తిప్పి తీసేస్తారు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, గొంతులో తీస్తే డోకు వస్తుంది, అంతే. అది మెదడు దాకా వెళ్లదు, రక్తంలో కలవదు, బిడ్డ దాకా చేరే దారే లేదు.

కడుపుతో ఉన్నప్పుడు ఒక తేడా మాత్రం ఉంటుంది. ముక్కు లోపలి పొర వాచి, రక్తనాళాలు నిండుగా ఉంటాయి. జలుబు లేకపోయినా చాలామందికి ముక్కు దిబ్బడ వేసేది అందుకే. స్వాబ్ తీసినప్పుడు పుల్లకి ఎర్రగా అంటుకోవచ్చు, ఒకటి రెండు చుక్కలు కారవచ్చు. ముక్కు మెత్తటి భాగాన్ని కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటే ఆగిపోతుంది. బీపీ వచ్చే రిస్క్ ఉందని ఎకోస్ప్రిన్ మాత్ర వేసుకునేవాళ్లు, హెపారిన్ ఇంజక్షన్లు తీసుకునేవాళ్లు (రెండూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే) ఆ విషయం శాంపిల్ తీసే టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. వాంతులు ఎక్కువగా ఉన్నవాళ్లు కడుపు నిండా తిన్న వెంటనే రావద్దు, అలాగని పస్తు ఉండి కూడా రావద్దు.

అపోహ: ప్రెగ్నెన్సీ హార్మోన్ వల్ల టెస్ట్ తప్పుగా పాజిటివ్ వస్తుంది

రాదు. ఆర్‌టీపీసీఆర్ వెతికేది వైరస్ జన్యు పదార్థాన్ని, ర్యాపిడ్ టెస్ట్ వెతికేది వైరస్ ప్రోటీన్‌ని. మీ హార్మోన్‌తో గానీ, ఐరన్ మాత్రలతో గానీ, ధనుర్వాతం ఇంజక్షన్‌తో గానీ, కోవిడ్ వ్యాక్సిన్‌తో గానీ ఆ రెండింటికీ సంబంధం లేదు. మన దేశంలో గర్భిణులకు వ్యాక్సిన్ వేయడానికి 2021 జులై 2న అనుమతి ఇచ్చారు, అప్పట్నుంచీ ఈ అనుమానం వింటూనే ఉన్నాను. వ్యాక్సిన్ వల్ల పాజిటివ్ అయ్యేది యాంటీబాడీ టెస్ట్. అది ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉందో లేదో చెప్పలేదు కాబట్టి దాని మీద డబ్బులు పెట్టొద్దు.

ఇంట్లో కిట్‌తో చూసుకునేవాళ్లకి ఒక మాట. కిట్ మీద రాసిన టైంలోపు సన్నటి గీత కనిపించినా పాజిటివే. మర్చిపోయి గంట తర్వాత వెళ్లి చూస్తే కనిపించిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు.

అపోహ: నెగెటివ్ వచ్చింది, ఇక ఇంట్లో ఉండి పారాసెటమాల్ వేసుకుంటే చాలు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ర్యాపిడ్ టెస్ట్‌లో పాజిటివ్ వస్తే దాదాపుగా నమ్మవచ్చు. నెగెటివ్‌ని అంత సులువుగా నమ్మడానికి లేదు, లక్షణాలు ఉంటే ఆర్‌టీపీసీఆర్‌తో మళ్లీ చూడాలి. కానీ అంతకన్నా ముఖ్యమైన సంగతి, జ్వరం వచ్చిన గర్భిణికి కోవిడ్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. ముఖ్యంగా మన వైపు.

కురుపాం వైపు నుంచి ఏడో నెల అమ్మాయి ఒకామె వచ్చింది. నాలుగు రోజులుగా చలిజ్వరం. అత్తగారు లోపలికి వస్తూనే "కరోనా లేదు మేడమ్, చూపించేసినాం" అని నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అమ్మాయి కళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, కుర్చీలో నిటారుగా కూర్చోలేకపోతోంది. రక్తపు చుక్క గాజు పలక మీద పెట్టి చూస్తే ఫాల్సిపారం, అంటే మలేరియాలో ప్రమాదకరమైన రకం. గర్భిణికి ఈ మలేరియా వస్తే రక్తం చాలా తొందరగా పడిపోతుంది, షుగర్ కూడా పడిపోతుంది, బిడ్డకీ ప్రమాదం. ఆ నాలుగు రోజులూ ఆ నెగెటివ్ కాగితమే వాళ్లకి ధైర్యం ఇచ్చింది.

కాబట్టి జ్వరం ఉంటే కోవిడ్‌తో పాటు మలేరియా, డెంగ్యూ, మూత్రంలో ఇన్ఫెక్షన్, తగ్గకపోతే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం), ఇవన్నీ చూడమని అడగండి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు జరిగే చెకప్ ఉంది కదా, అప్పుడు చూపిద్దాంలే అని జ్వరంతో ఆగొద్దు. నొప్పుల మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవడం అసలు వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలలు గడిచేకొద్దీ బిడ్డకి మంచివి కావు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు అనుకుంటాను గానీ, చెప్పాల్సే వస్తోంది.

అపోహ: సీటీ స్కాన్ తీస్తే తేలిపోతుంది; సీటీ తీస్తే బిడ్డ పోతుంది

ఒకే ఇంట్లో ఈ రెండు మాటలూ వినిపిస్తాయి, రెండూ తప్పే. కోవిడ్ ఉందా లేదా తేల్చడానికి సీటీ వాడరు. అలాగని ఆయాసం ఎక్కువై, ఊపిరితిత్తులు చూడక తప్పని పరిస్థితి వస్తే భయపడి వాయిదా వేయాల్సిన పని కూడా లేదు. ఛాతీ సీటీలో బిడ్డకి చేరే రేడియేషన్ 1 మిల్లీగ్రే (రేడియేషన్‌ని కొలిచే లెక్క) కన్నా తక్కువ. బిడ్డకి హాని గురించి ఆలోచించాల్సింది 50 మిల్లీగ్రే దాటితే.

రక్త పరీక్షల ప్యాకేజీల గురించి కూడా చెప్పాలి. రక్తం గడ్డకట్టడం గురించి చెప్పే డీ-డైమర్ ఎక్కువ వచ్చిందని రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. గర్భంలో డీ-డైమర్ మామూలుగానే పెరుగుతుంది, తెల్ల రక్తకణాలూ పెరుగుతాయి. ల్యాబ్ రిపోర్ట్ పక్కన అచ్చువేసే నార్మల్ రేంజ్ సాధారణంగా గర్భం లేనివాళ్లది. ఆ రిపోర్ట్ చూసి మీకు మీరే నిర్ణయానికి రావద్దు.

అపోహ: కోవిడ్ రిపోర్ట్ లేకపోతే డెలివరీ చెయ్యరు

2020లో ఇది చాలామందిని ఏడిపించింది. నొప్పులతో వచ్చిన మనిషిని గేటు దగ్గరే ఆపి, రిపోర్ట్ తెచ్చుకోమని ఒక నర్సింగ్ హోమ్ తిప్పి పంపిస్తే, ఆమె మా దగ్గరికి వచ్చేసరికి ఉమ్మనీరు పోయి ఆటో సీటు తడిసిపోయి ఉంది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, ఎందుకంటే టెస్ట్ లేదని కాన్పు గానీ, మరే అత్యవసర చికిత్స గానీ ఆలస్యం చేయకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 మేలోనే స్పష్టంగా చెప్పింది. టెస్ట్ సౌకర్యం లేదని గర్భిణిని వేరే చోటికి పంపొద్దని, శాంపిల్ తీసి దాన్నే టెస్ట్ జరిగే చోటికి పంపించుకోవాలని కూడా చెప్పింది. కాన్పు దగ్గరపడిన అందరికీ టెస్ట్ చేయమన్న రోజులు ఉన్నాయి, నిజమే. 2022 జనవరి నుంచి మాత్రం లక్షణాలు లేకపోతే, వేరే కారణం లేకపోతే కాన్పు కోసమని టెస్ట్ అక్కర్లేదు. ఇప్పుడు ఎవరైనా రిపోర్ట్ ఉంటేనే లోపలికి అంటే "ముందు అమ్మాయిని చూడండి, శాంపిల్ ఇక్కడే తీసుకోండి" అని గట్టిగా అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

అపోహ: పాజిటివ్ అంటే ఆపరేషనే, బిడ్డను వేరే గదిలో పెడతారు, పాలు పట్టకూడదు

కోవిడ్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అవసరం లేదు. తల్లి ఆయాసపడుతుంటేనో, బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వస్తేనో, మామూలుగా ఉండే మిగతా కారణాలతోనో చేస్తాం. గర్భంలో ఉండగానే బిడ్డకి సోకడం చాలా అరుదు. తల్లి స్పృహలో ఉండి, ఓపిక ఉంటే బిడ్డను పక్కనే ఉంచుకోవచ్చు, పాలు పట్టవచ్చు, ముర్రుపాలు అస్సలు పారబోయొద్దు. మాస్క్ పెట్టుకోవాలి, బిడ్డను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాలు పట్టనప్పుడు ఉయ్యాల కాస్త దూరంగా ఉంటే మంచిది. తల్లికి మరీ నీరసంగా ఉంటే పాలు పిండి, జ్వరం లేని అమ్మమ్మో నాయనమ్మో ఉగ్గు గిన్నెతో పట్టవచ్చు. డబ్బా పాలు కొనే పని లేదు.

ఇంకొన్ని చిన్నవి. పది సెకన్లు ఊపిరి బిగపట్టగలిగితే కోవిడ్ లేనట్టే అన్నది పూర్తిగా తప్పు, నెలలు నిండినవాళ్లకి పొట్ట పైకి నొక్కడం వల్ల మామూలుగానే ఊపిరి చాలదు. వాసన తెలుస్తోంది కాబట్టి లేదు అన్నదీ తప్పే. కషాయం తాగి వెళ్తే టెస్ట్‌లో దొరకదు అనుకోవద్దు. సీటీ వాల్యూ అని రిపోర్ట్‌లో ఉండే అంకె, స్కాన్‌ది కాదు, ఆర్‌టీపీసీఆర్‌ది, దాన్ని బట్టి జబ్బు ఎంత ముదిరిందో చెప్పలేం. ఇక నెగెటివ్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించుకోవడం డబ్బు దండగ. జబ్బు తగ్గినా కొన్ని వారాల పాటు, ఒక్కోసారి మూడు నెలల దాకా ఆర్‌టీపీసీఆర్‌లో పాజిటివ్ రావచ్చు.

మరి ఇప్పుడు ఎవరు చేయించుకోవాలి? జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఆయాసం ఉన్న ప్రతి గర్భిణీ డాక్టర్‌కి చూపించుకుని, వాళ్లు చెప్తే చేయించుకోవాలి. రక్తహీనత, బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఏడో నెల దాటినవాళ్లు ఒక్కరోజు కూడా ఆలోచించొద్దు, ఎందుకంటే గర్భంలో కోవిడ్ ముదిరితే ఐసీయూ దాకా వెళ్లడం, నెలలు నిండకుండా కాన్పు కావడం మామూలు కన్నా ఎక్కువ. పాజిటివ్ వచ్చి ఇంట్లో ఉంటే వేలికి ఆక్సీమీటర్ పెట్టి రోజుకి మూడు నాలుగు సార్లు చూసుకోండి, ముదురు రంగు నెయిల్ పాలిష్ తీసేసి, చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని. 95 కన్నా తగ్గినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా 108కి ఫోన్ చేసి ఎన్నో నెలో, జ్వరం ఎన్ని రోజులుగా ఉందో, టెస్ట్ అయిందో లేదో దాచకుండా చెప్పండి. తల్లీబిడ్డల కార్డు చేతిలో పెట్టుకోండి. టెస్ట్ కాకపోయినా బయలుదేరండి, అది ఇక్కడికి వచ్చాక మేం చూసుకుంటాం.