టవర్ మీద కోపం, ఫోన్ మీద మోజు

కాలనీలో ఎవరి డాబా మీదికైనా సెల్ టవర్ సామాన్లు ఎక్కుతున్నాయని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా అభ్యంతర పత్రం తయారవుతుంది. దానికి మద్దతు కూడగట్టేది వాట్సాప్‌లో, ఫోటోలు తీసేది ఫోన్‌తో, కార్పొరేటర్‌కు విషయం చెప్పేది కూడా ఫోన్‌లోనే. మాట్లాడుతుండగా సిగ్నల్ పోతే కస్టమర్ కేర్ మీద విరుచుకుపడేదీ ఆ ఇళ్ళవాళ్ళే. ఇదేం ద్వంద్వ నీతి అని వెక్కిరించడం తేలికే. అయితే ఈ భయం నిన్న మొన్నటిది కాదు. దీని వెనుక డెబ్బై ఏళ్ళ కథ ఉంది, అందులో నిజమైన ప్రమాదాలూ ఉన్నాయి, ఉత్త పుకార్లూ ఉన్నాయి. నా మటుకు నాకు విడ్డూరంగా తోచేది వేరే ఉంది. కోర్టుల దాకా, ప్రభుత్వాల దాకా వెళ్ళిన భయాలు ఒకవైపు ఉండిపోయాయి, ఈ పరికరాల వల్ల రుజువైన నష్టాలు మరోవైపు ఉండిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ వచ్చింది. దాని దగ్గర పనిచేసేవాళ్ళకు ఎంత మైక్రోవేవ్ తగిలితే ఫర్వాలేదు అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. అమెరికాలో హెర్మన్ శ్వాన్ అనే శాస్త్రవేత్త 1953లో చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లు అని ఒక లెక్క కట్టారు. ఒంట్లో పుట్టే అదనపు వేడిని శరీరం ఏ మేరకు తట్టుకోగలదన్నదే ఆ లెక్కకు ఆధారం. అదే దశాబ్దంలో సోవియట్ యూనియన్ పెట్టుకున్న పరిమితి 10 మైక్రోవాట్లు, అంటే అమెరికా అంకెలో వెయ్యో వంతు. కార్మికుల్లో తలనొప్పి, నీరసం, నిద్ర పట్టకపోవడం లాంటివి చూశామని సోవియట్ వైద్యులు చెప్పారు. వేడెక్కకపోతే హాని లేదని వీళ్ళు, వేడెక్కకుండానే హాని ఉందని వాళ్ళు. ఈనాటికీ ఒక్కో దేశంలో ఒక్కో పరిమితి ఉండటానికి మూలం చాలావరకు ఆ తగాదాలోనే ఉంది. మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం మీదికి సోవియట్లు ఏళ్ళ తరబడి మైక్రోవేవ్‌లు ప్రసరింపజేశారని 1976లో బయటపడింది. ఆ మోతాదు అమెరికా సొంత పరిమితి కంటే ఎంతో తక్కువ. అయినా అమెరికాలో గగ్గోలు పుట్టింది. అక్కడ పనిచేసిన ఉద్యోగుల ఆరోగ్యాన్ని పరిశీలించిన జాన్స్ హాప్కిన్స్ బృందానికి 1978లో ప్రత్యేకంగా ఏ జబ్బూ కనిపించలేదు.

ఇక టీవీ సంగతి. "అంత దగ్గరగా కూర్చోకు, కళ్ళు పోతాయి" అనే కేక వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు దూరదర్శన్ కాలంలో తక్కువే. ఈ మాట ఊరికే పుట్టలేదు. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కలర్ టీవీలు కొన్నింటి నుంచి ఎక్స్‌రేలు లీకవుతున్నాయని తేలింది. లోపం లోపలి వోల్టేజీ రెగ్యులేటర్ ట్యూబులో ఉంది. ఆ కిరణాలు చూసేవాళ్ళ ముఖం మీదికి కాకుండా నేల వైపు వెళ్ళేవి. వేల సెట్లను బాగు చేయాల్సి వచ్చింది, ఆరడుగుల దూరంలో కూర్చోమని అక్కడి అధికారులు సలహా ఇచ్చారు, 1968లో దీనికోసం చట్టమే వచ్చింది. తర్వాత తయారైన టీవీల్లో ఆ దోషం పోయింది. పిక్చర్ ట్యూబు గాజులో కలిపిన సీసం కూడా ఎక్స్‌రేలను అడ్డుకునేది. ఆ సీసం గురించి చివర్లో మళ్ళీ చెప్పుకోవాలి.

సెల్‌ఫోన్ భయానికి పుట్టినరోజు దాదాపుగా తెలుసు. 1993 జనవరిలో ఫ్లోరిడాకు చెందిన ఒకాయన లారీ కింగ్ టీవీ షోలో కూర్చుని, తన భార్య మెదడు కణితితో చనిపోవడానికి సెల్‌ఫోనే కారణమన్నాడు. తర్వాతి రోజుల్లో ఫోన్ కంపెనీల షేర్లు పడిపోయాయి. కోర్టులో ఆ కేసు సాక్ష్యం లేక నిలబడలేదు. ఐతేనేం, ప్రశ్న మాత్రం పోలేదు, దాని మీద పరిశోధనలకు కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న వెళ్ళింది. కోల్‌కతా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టాల్సిన ఆ రోజుల్లో రేడియేషన్ కంటే బిల్లు మీదే ఎక్కువ భయం. కాల్ రేట్లు పడిపోయి, డాబాకో టవర్ లేచాక మాట మారింది. ప్రభుత్వం 2008లో, రేడియేషన్ నుంచి రక్షణ గురించి సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ ఇక్నిర్ప్ సూచించిన పరిమితులను తీసుకుంది. 2010లో వివిధ మంత్రిత్వ శాఖలతో ఒక కమిటీ కూర్చుంది. 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల తరంగాల పరిమితిని ఒక్కసారిగా పదో వంతుకు తగ్గించారు. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు చదరపు మీటరుకు 4.5 వాట్లున్నది 0.45 అయింది. కొత్త శాస్త్రీయ సాక్ష్యం దొరికి చేసిన పని కాదిది. జనంలో ఆందోళన ఉంది కాబట్టి ముందు జాగ్రత్త అన్నారు. పద్ధతి తప్పని నేననను. కాకపోతే "పదో వంతుకు తగ్గించారంటే అంతకుముందు విషం తాగించినట్టేగా" అని జనం అర్థం చేసుకున్నారు, భయం తగ్గాల్సింది పెరిగింది.

అదే రోజు నుంచి ఫోన్లకూ కొత్త లెక్క వచ్చింది. ఒంట్లోని ఏ ఒక్క గ్రాము కణజాలాన్ని తీసుకున్నా కిలోకు 1.6 వాట్లకు మించి శక్తి చేరకూడదు. దీన్నే సార్ విలువ అంటారు. మీ ఫోన్‌లో *#07# కొడితే కనిపించే అంకె ఇదే. దీన్ని కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మనిషి తల ఆకారంలో ఒక ప్లాస్టిక్ అచ్చు తీసుకుని, అందులో తల కణజాలంలా ప్రవర్తించేలా కలిపిన ద్రవం నింపుతారు. ద్రవం అంటే ప్రధానంగా నీళ్ళు, కొన్ని రకాల్లో పంచదార, ఉప్పు. ఫోన్‌ను చెంపకు ఆనించి, పూర్తి పవర్‌లో పెట్టి, లోపల రోబో చేతికున్న సన్నని సూదితో మిల్లీమీటరు మిల్లీమీటరూ కొలుస్తారు. ఆ తల కొలతలు అమెరికా సైనికుల్లో పెద్ద తలలున్నవారివి, పిల్లలవి కావు. ఈ విమర్శలో పస ఉంది. మరోవైపు, ఈ పరిమితులకు పునాది ప్రయోగశాల జంతువులు. ఒళ్ళు సుమారు ఒక డిగ్రీ వేడెక్కి, నేర్పిన పని మానేసిన మోతాదు కిలోకు 4 వాట్లని తేల్చి, దాన్ని 50తో భాగించి సామాన్య జనానికి మొత్తం శరీరం మీద 0.08గా పెట్టారు. కాబట్టి గీత కాస్త దాటగానే ఏదో అయిపోదు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్ ఐఫోన్ 12 అమ్మకాలు ఆపమన్నప్పుడు అంత హడావుడి జరిగింది కదా, అక్కడ తేడా చేతిలో పట్టుకున్నప్పటి అంకెలో. కిలోకు 4 వాట్లు దాటకూడనిది 5.74 వచ్చింది. కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సర్దేసింది.

క్యాన్సర్ ప్రశ్నకు జవాబు కోసం 13 దేశాల్లో చేసిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం 2010లో వెలువడింది. అందరికంటే ఎక్కువగా, మొత్తమ్మీద 1,640 గంటలు దాటి మాట్లాడిన వాళ్ళలో గ్లయోమా అనే మెదడు కణితి అవకాశం 40 శాతం ఎక్కువగా కనిపించింది. పత్రికలు ఈ ముక్క పట్టుకున్నాయి. అదే అధ్యయనంలో మామూలుగా ఫోన్ వాడేవాళ్ళకు, అసలు వాడనివాళ్ళ కంటే ముప్పు తక్కువగా కనిపించింది! ఫోన్ కణితి రాకుండా కాపాడుతుందని ఎవరూ అనుకోరు గదా. పదేళ్ళ కిందట రోజుకెంత సేపు మాట్లాడారో రోగులను గుర్తు చేసుకోమంటే వచ్చే చిక్కులివి.

2011 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం రేడియో తరంగాలను "2బి", అంటే "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న వర్గంలో చేర్చింది. ఆ వర్గంలో ఆసియా సంప్రదాయ ఊరగాయలు కూడా ఉన్నాయి. కంగారు పడకండి, ఆవకాయ కాదు. తూర్పు ఆసియాలో పులియబెట్టే కూరగాయల సంగతది. 2018లో అమెరికా ప్రభుత్వ ప్రయోగంలో రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్ళు ఒళ్ళంతా తరంగాలు తగిలిన మగ ఎలుకల్లో కొన్నింటికి గుండెలో కణుతులు కనిపించాయి. విచిత్రమేమిటంటే ఆ ఎలుకలు తరంగాలు తగలని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలను వడపోసి, మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదంది. ఇన్నేళ్ళలో ఫోన్లు అన్ని రెట్లు పెరిగినా మెదడు క్యాన్సర్లు ఆ లెక్కన పెరగకపోవడం నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యంగా అనిపిస్తుంది.

కోర్టుల దారి వేరు. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2017లో గ్వాలియర్‌లో ఇళ్ళలో పనిచేసుకునే ఒక క్యాన్సర్ రోగి ఫిర్యాదు మీద, పక్కింటి డాబాపై ఉన్న టవర్‌ను ఆపేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021లో 5జీకి వ్యతిరేకంగా నటి జూహీ చావ్లా వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు కొట్టేసి 20 లక్షలు కట్టమంది, తర్వాత అది 2 లక్షలకు తగ్గింది. వీడియోలో జరిగిన ఆ విచారణలోకి ఎవరో దూరి సినిమా పాటలు పాడటం అందరికీ గుర్తుండిపోయింది.

ఈ కేసుల్లో మరుగునపడిన విషయం ఒకటుంది. టవర్ దూరమైతే ఫోన్ గట్టిగా అరవాలి. సిగ్నల్ గీతలు ఒకటో రెండో ఉన్నచోట ఫోన్ తన పవర్ పెంచుకుంటుంది, అదీ చెవికి ఆనుకుని. ఇంట్లో కూర్చున్న మనిషికి దూరాన ఉన్న టవర్ నుంచి తగిలేదానికంటే, మాట్లాడేటప్పుడు తన ఫోన్ నుంచి తల తీసుకునేది ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి టవర్‌ను ఊరవతలికి తరిమేస్తే ఫోన్ వాడేవాళ్ళ తలకు తగిలే మోతాదు తగ్గదు, పెరుగుతుంది. అయినా జనం కోపం టవర్ మీదే. ఎందుకంటే ఫోన్ మనం కొనుక్కున్నది. టవర్ పక్కింటాయన అద్దె కోసం పెట్టించుకున్నది. ఎవరిని అడిగి పెట్టారన్న ప్రశ్న న్యాయమైనదే, కాకపోతే అది ఆరోగ్యం మాట కట్టుకుని కోర్టుకు వెళ్తోంది.

భయం ఉన్నచోట బేరం ఉంటుంది. 2020లో, ఆవుల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ కామధేను ఆయోగ్ ఛైర్మన్ ఆవు పేడతో చేసిన చిప్ ఒకటి చూపించి, ఫోన్ రేడియేషన్ తగ్గిస్తుందన్నారు. ఆధారాలు చూపమని వందల మంది శాస్త్రవేత్తలు అడిగారు. దాన్ని మించినది నెదర్లాండ్స్‌లో జరిగింది. "5జీ నుంచి రక్షణ" పేరుతో అమ్మిన గొలుసు లాకెట్లు, కంటి మాస్కుల వంటి పది వస్తువులను 2021 డిసెంబరులో అక్కడి అణు భద్రతా సంస్థ పరీక్షిస్తే, వాటి నుంచే అసలైన అయనీకరణ రేడియేషన్, అంటే ఎక్స్‌రేల్లా ఒంటిని దెబ్బతీయగల రకం, వస్తోందని తేలింది. వెంటనే తీసి పక్కన పెట్టమని చెప్పాల్సి వచ్చింది.

ఇక నిజంగా తేలిన నష్టాల సంగతి. ఎవరూ ధర్నా చేయనివి ఇవే. 2021లో డ్రైవింగ్‌లో ఫోన్ వాడకం వల్ల దేశంలో 1,040 మంది చనిపోయారని రోడ్డు రవాణా శాఖ లెక్క. చెవుల విషయంలో వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా ఫర్వాలేదు, అదే 90కి పెంచితే నాలుగు గంటలే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బస్సు రొదలో పాట వినపడాలని ఇయర్‌ఫోన్ వాల్యూమ్ పెంచేవాళ్ళకు ఆ నాలుగు గంటలు రెండు రోజుల ప్రయాణంలో అయిపోతాయి. పిల్లలకు సైటు రావడం సరేసరి. దీనికి స్క్రీన్ ఒక్కటే కారణమనలేం, పుస్తకమైనా సరే దగ్గరి చూపు దగ్గరి చూపే. తైవాన్ 2010 నుంచి పిల్లలను రోజుకు రెండు గంటలు బడి బయట వెలుతురులో ఉంచే కార్యక్రమం పెట్టి, ఏటా పెరుగుతున్న చూపు సమస్యను వెనక్కి తిప్పింది. మనం మాత్రం బ్లూ లైట్ అద్దాలకు అదనంగా డబ్బు కడుతున్నాం. అవి కళ్ళ అలసటను పెద్దగా తగ్గించవని, వైద్య పరిశోధనలను వడపోసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2023లో తేల్చింది.

త్రాసులో రెండో తట్ట కూడా చూడాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. ప్రమాదం జరిగిన చోటి నుంచే, రోడ్డు మీద పోయే ఎవరో ఒకరు కాల్ చేయగలిగారంటే అప్పటికే జనం చేతుల్లోకి సెల్‌ఫోన్లు, రోడ్ల పక్కకు టవర్లు వచ్చేశాయి కాబట్టే. టవర్ వద్దనే పిటిషన్లలో ఈ లెక్క ఎక్కడా కనిపించదు.

సీసం దగ్గరికి వద్దాం. ఎక్స్‌రేలను ఆపిన ఆ గాజు, టీవీ పాడయ్యాక ఎటు పోయింది? చాలావరకు, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు విడగొట్టే ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ సర్క్యూట్ బోర్డులకు పేరు పడింది. రాగి కోసం వైర్లు తగలబెడతారు, బోర్డులను వేడిచేసి చిప్పులు ఊడదీస్తారు, మిగిలినదాన్ని యాసిడ్‌లో ముంచుతారు. మాస్కు, గ్లౌజులు ఉండవు, పిల్లలు పక్కనే ఆడుకుంటుంటారు. సీసం పిల్లల మెదడుకు చేసే హాని గురించి "కావచ్చు" అనే మాటకు తావు లేదు. టవర్ల పరిమితి తగ్గిన 2012లోనే, అంతకు నాలుగు నెలల ముందు మే 1న, దేశంలో తొలి ఈ-వ్యర్థాల నియమాలు అమల్లోకి వచ్చాయి. పాత సరుకును వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదేనని వాటిలో ఉంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త నియమాలు వచ్చాయి, ఎంత రీసైక్లింగ్ చేయించాలో కంపెనీలకు లక్ష్యాలు పెట్టారు. మనం ఇప్పటికీ పాత ఫోన్‌ను వీధిలోకి వచ్చిన బండివాడికి ఒక ప్లాస్టిక్ డబ్బాకు ఇచ్చేస్తున్నాం.