పేరు లేని వాయుగుండాలే మనల్ని ముంచాయి

అక్టోబరు వచ్చిందంటే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి కోతలు, దేవరకొండ, అచ్చంపేట వైపు పత్తి ఏరడం, సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త. వడ్లు కొనుగోలు చేసే ఐకేపీ కేంద్రాల్లో, రోడ్ల మీద రాశులు ఆరబోసి ఉంటాయి, కప్పడానికి టార్పాలిన్ పట్టాలు సరిపోవు, ఇక టెన్షనే. రెండు రోజులు పోయాక టీవీలో 'తీరం దాటి బలహీనపడింది' అంటారు, మనం హమ్మయ్య అనుకుంటాం. చాలాసార్లు మన నల్గొండ, పాలమూరు వైపు అసలు వాన మొదలయ్యేది అప్పుడే.

ఎందుకిలా అంటే, ఈ హెచ్చరికల లెక్కంతా ఓడల కోసం పుట్టింది. 1805లో బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి గాలికి అంకెలు వేశాడు, ఏ గాలికి ఓడ మీద ఎన్ని తెరచాపలు ఉంచొచ్చు అన్నదే అతని కొలత. మన దేశంలో 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుపానులు ఊడ్చేసి వేల ప్రాణాలు పోయాకే కదలిక వచ్చింది. మరుసటి ఏడాది కలకత్తా రేవుకు హెచ్చరిక పద్ధతి పెట్టారు, 1875లో వాతావరణ శాఖ పుట్టింది. ఇప్పటికీ పేపర్లో చూసే 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' ఓడరేవుల కోసం ఎగరేసే గుర్తే. నల్గొండలో రేవు ఎక్కడిది?

మెట్ట ప్రాంతాల సంగతి వేరే దారిలో వచ్చింది. 1876-78 నాటి మహా కరువులో దక్కన్ మాడిపోయాక, వానాకాలం ఎలా ఉంటుందో ముందే చెప్పాలనే ఒత్తిడి పెరిగింది. వాతావరణ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచును చూసి 1886 నుంచి అంచనాలు ఇచ్చాడు. తర్వాత ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం ఒకచోట పెరిగితే ఇంకోచోట తగ్గుతుందని పట్టుకున్నాడు. దానికీ, పసిఫిక్ నీళ్లు మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినోకూ ఉన్న లంకె 1969లో గానీ తేలలేదు. పాలమూరు కరువుకు ఎక్కడో పెరూ దగ్గరి సముద్రం వేడెక్కడంతో సంబంధం ఉంటుందని అప్పట్లో చెబితే నవ్వేవాళ్లేమో.

అలా ఓడలకు గాలి కబురు, రైతుకు సీజన్ కబురు అందాయి. ఈ రెండింటి మధ్య పడిపోయింది మనకు కావలసిన ముక్క: వాయుగుండం భూమి మీదికి ఎక్కాక ఎక్కడ, ఎంత కురుస్తుంది?

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అనే మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవే. గంటకు సుమారు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, అప్పుడే పేరు. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఈ పేర్లు పెట్టడం కూడా 2004లోనే మొదలైంది. కింద వేడి నీళ్లు లేకపోతే తుపానుకు తిండి లేనట్టే, అందుకే తీరం దాటగానే గాలి చచ్చుబడుతుంది. కానీ అది మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు, పైగా నెమ్మదిగా కదిలితే ఒక్కచోటే కుమ్మరిస్తుంది.

2020 అక్టోబరు 13 పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండం మాత్రమే, దానికి పేరు కూడా లేదు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. హైదరాబాద్ వరద అని అందరికీ గుర్తు, కానీ ఆ మూసీ నీళ్లు దిగేది మన నల్గొండ మీదుగా, కృష్ణలో కలిసే వాడపల్లికే కదా. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి వాయుగుండం దాటింది ఎక్కడో శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర, మునిగింది కోదాడ. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది.

2009 ఇంకా విచిత్రం. ఎల్‌నినో ఏడాది, దేశమంతటా వానాకాలం 22 శాతం లోటు, పాలమూరులో పంటలు ఎండాయి. తీరా సెప్టెంబరు చివర్లో అల్పపీడనం వచ్చి శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద తెచ్చింది, తుంగభద్ర ఒడ్డున రాజోలి, అలంపూర్ నీళ్లలో మునిగాయి. ఒకే ఏడాది కరువు, వరద రెండూ.

పేరున్నదైతే కనీసం అందరి కళ్లూ దాని మీద ఉంటాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర దాటింది. కెమెరాలన్నీ కోనసీమలో ఉండగా మర్నాడు నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు వాన దంచింది.

అలల ఎత్తు, చేపలు దొరికే చోట్లు, సునామీ హెచ్చరికలు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ 1999 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది, సముద్రానికి అంత దూరంలో. అది కడలి కబురే చెబుతుంది, వడ్ల రాశి దాని పని కాదు. మనకు పనికొచ్చేవి వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరిక రంగులు, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చే రైతు సలహాలు. కాబట్టి వార్తలో నంబరు, పేరు, తీరం దాటే టైం చూసి ఊరుకోకండి. దాటాక ఏ దిక్కుకు పోతోంది, ఎంత నెమ్మదిగా పోతోంది, మన జిల్లాకు పసుపా ఆరెంజా రెడ్డా చూడండి. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు, 'అత్యంత భారీ' అంటే 204 పైమాటే. ఆరెంజ్ కనిపించిందంటే 'బలహీనపడింది' అనే మాటతో పనిలేకుండా ఆ సాయంత్రమే పట్టాలు కప్పేయండి.