సామెత గీటురాయి, భక్తి బంగారం: ఒక పురోహితుడు చూసిన అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పౌరోహిత్యం చేస్తూ నాకు ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ఈ కాలంలో ముహూర్తాల తరువాత నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, ఫలానా స్వామి చెప్పింది చేయాల్నా, వద్దా?" దీనికి శాస్త్రవాక్యంతో జవాబిస్తే విన్నవారు తల ఊపి, బయటికి వెళ్ళి ఆ స్వామి చెప్పిందే చేస్తారు. వారి ఇంట్లో అవ్వ రోజూ వాడే సామెతతో జవాబిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం కోసమే నేను సామెతలను దగ్గర పెట్టుకున్నాను.

అపోహ: సామెత పెద్దల మాట కనుక దానికి తిరుగులేదు.

వాస్తవం: తెలుగులో చాలా సామెతలకు ఎదురు సామెత ఉంది. "ఆలస్యం అమృతం విషం" అన్న నోటితోనే మనవాళ్ళు "నిదానమే ప్రధానం" అన్నారు. మోసగాడు ఈ రెంటిలో తనకు పనికివచ్చేదాన్నే ఎంచుకుంటాడు. రేపు ఉదయం లోపల శాంతి చేయించకపోతే గండం తప్పదని చెప్పేవాడి నోట మొదటిదే వినబడుతుంది. అలాగే "నమ్మి చెడినవారు లేరు" అన్న మాటను ముందుగా అందుకునేది తరచుగా నమ్మించి చెడగొట్టేవారే. ఆ మాట దేవుణ్ణి నమ్మడం గురించి పుట్టిందే తప్ప మధ్యవర్తిని నమ్మడం గురించి కాదు, మధ్యవర్తి విషయానికి "గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది" అన్న సామెత వేరే ఉంది. సామెతను తీర్పుగా కాక ప్రశ్నగా వాడాలి. ఇది ఎవరి గురించి చెప్పిన మాట, ఇప్పుడు నాతో ఎవరు అంటున్నారు, నేను ఒప్పుకుంటే లాభం ఎవరికి అని మనల్ని మనం అడగాలి.

అపోహ: ఖర్చు ఎంత పెరిగితే ఫలం అంత పెరుగుతుంది.

వాస్తవం: నర్సంపేట వైపు నుంచి ఒకసారి ఒక తల్లీ కొడుకూ మా ఇంటికి వచ్చారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు ఇంకా కొడుకు సంచిలోనే ఉంది. బిడ్డకు సంబంధం కుదరడం లేదని ఒక స్వామి రాసి ఇచ్చిన చీటీని ఆ తల్లి నా ముందు పెట్టింది. నోటుబుక్కు కాగితం మీద ఎర్ర సిరాతో ముప్పై నాలుగు వస్తువులున్నాయి: వెండి నాగప్రతిమలు రెండు, పట్టుచీర, ఆవునెయ్యి ఐదు కిలోలు, సన్నబియ్యం ఇరవై ఐదు కిలోలు, "నవధాన్యాలు తొమ్మిది రకాలు" (పది రకాలు ఇస్తారేమోనని భయం కాబోలు), అన్నిటికీ అడుగున నగదు యాభై ఒక్క వేలు. నేను చేయాలనీ వద్దనీ చెప్పలేదు. పెన్సిలు తీసి, హోమంలో పడేవాటికి ఒక గుర్తు, దేవుని ముందు పెట్టేవాటికి ఒక గుర్తు, పూజ అయ్యాక స్వామి కారులోకి ఎక్కేవాటికి ఒక గుర్తు పెడదామన్నాను. వెండికి, చీరకు, బియ్యానికి, నేతిలో ముప్పాతిక భాగానికి, నగదుకు మూడో గుర్తే పడింది. మొదటి రెండు గుర్తులున్న పసుపు, కుంకుమ, వక్కలు, తమలపాకులు, కొబ్బరికాయలు, కర్పూరం, సమిధల వంటివన్నీ కలిపితే వందల్లోనే తేలాయి. ఆ తల్లి చీటీని మడుస్తూ, "సొమ్మొకడిది, సోకొకడిది అంటె గిదే గదా అయ్యా!" అన్నది. సామెత నా నోట రాకుండా ఆమె నోటే వచ్చినందుకు ఆ రోజు నాకు సంతోషం కలిగింది.

శాస్త్రం ఏమంటుందో కూడా చెప్పాలి. మేము ఏ పూజకైనా చెప్పే సంకల్పంలోనే "సంభవద్భిర్ద్రవ్యైః" అని ఉంటుంది. దొరికిన ద్రవ్యాలతో, వీలైన ఉపచారాలతో, చేతనైనంతలో చేస్తున్నాను అని దాని అర్థం. దేవునికి నగ లేకపోతే "ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి" అని నాలుగు అక్షతలు వేస్తాము. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు తూచి సమర్పించే "బంగారం" బెల్లమే. అటువంటి నేల మీద పుట్టినవారు వడ్డీకి తెచ్చి మొక్కు తీర్చుకోవడం "అప్పు చేసి పప్పు కూడు" కంటే అన్యాయం, ఎందుకంటే అక్కడ కనీసం పప్పైనా మన నోట్లోకి పోతుంది.

అపోహ: పూజలో పొరపాటు జరిగితే కుటుంబానికి కీడు.

వాస్తవం: పూజ చివర ప్రతిసారీ "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అంటూ లోపాలను మన్నించమని వేడుకుంటాము. పొరపాటు జరుగుతుందని ముందే ఒప్పుకున్న విధానంలో పొరపాటు పేరు చెప్పి మరో పూజను అమ్మేవాడు ఆ చివరి శ్లోకం అర్థాన్ని దాచిపెడుతున్నాడు.

అపోహ: చేయించిన తరువాత ఫలితం కనబడింది కనుక అది దాని మహిమే.

వాస్తవం: కాకి వాలగానే తాటిపండు రాలితే దాన్ని కాకతాళీయం అన్నారు మన పెద్దలు. పండు ముగ్గి రాలింది కానీ కాకి బరువుకు రాలలేదు. ఈ ఒక్క మాట అర్థమైతే పాముకాటు మంత్రం గుట్టు తెలుస్తుంది. పత్తి చేలల్లో కరిచే పాముల్లో విషం లేనివి చాలా ఉంటాయి; విషసర్పం కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కాటు వేస్తుంది. అలా బతికినవారందరూ మంత్రగాడి ఖాతాలోకి పోతారు, చనిపోయినవారు మాత్రం "ఆలస్యంగా తెచ్చారు" అన్న ఖాతాలోకి పోతారు. కట్లపాము రాత్రి పడుకున్నవారిని కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు, కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి. అప్పటిదాకా వేపమండలతో కూర్చోబెట్టడం ప్రాణం తీయడమే. గాటు పెట్టకుండా, బిగించి కట్టకుండా, కరిచిన కాలు కదలనీయకుండా 108కు ఫోను చేసి విషానికి విరుగుడు మందు ఉన్న దవాఖానకు తీసుకుపోవాలి. "శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అంటారా, ఆ శివుడే సూదిమందునూ ఆజ్ఞాపించాడని అనుకోండి. తాయెత్తులతో, కవచాలతో కొన్ని రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరమన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అపోహ: సిగం (దేవుడు ఒంటి మీదికి వచ్చాడన్న పూనకం) ఊగేవారందరూ మోసగాళ్ళు.

వాస్తవం: ఇది చదువుకున్నవారి అపోహ. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్నల దగ్గర శివసత్తులు (దేవునికి అంకితమై పూనకంతో ఊగే భక్తురాళ్ళు) ఊగడం తరతరాల కొలుపులో భాగం. దాన్ని దూరం నుంచి చూసి నవ్వేవారిని చూస్తే తాటిచెట్టు కింద పాలు తాగినవాణ్ణి కల్లు తాగాడన్న లోకం గుర్తుకొస్తుంది. అయితే ఆ ఊపులో వచ్చిన మాట పక్కింటివారి పేరు చెప్పి శత్రువును చూపిస్తే, లేదా రహస్యంగా డబ్బు తెమ్మంటే, అక్కడ ఆగాలి.

అపోహ: నిప్పు లేనిదే పొగ రాదు, ఊరంతా అంటున్నారంటే ఆ మనిషి బాణామతి (చేతబడి) చేస్తున్నట్టే.

వాస్తవం: సామెత ప్రాణాల మీదికి తెచ్చే చోటు ఇదే. ఒక ఊరికి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, ఒక పిల్లవాడికి వస్తున్న ఫిట్స్‌కు కారణమంటూ ఒక ముసలాయనను నాకు చూపించారు. రుజువు ఏమిటని అడిగితే, "మేం పేరెత్తంగనే వణికిండు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అన్నారు. నలుగురు యువకులు కర్రలు పట్టుకొని చుట్టూ నిలబడి పేరెత్తితే నేనైనా వణుకుతాను. ఆ పిల్లవాణ్ణి అప్పటిదాకా ఒక్క డాక్టరుకూ చూపించలేదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇలాంటి పుకార్లకు అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దొంగతనం బయటపడ్డ చోట చెప్పుకునే సామెతను దొంగతనమే జరగని చోట రుజువుగా నిలబెట్టడం సామెతకూ ద్రోహం, ఆ మనిషికీ ద్రోహం.

కాకతీయుల నాటి గుళ్ళలో లింగం కింద నిధులున్నాయన్నది మరో పుకారు. ప్రతిష్ఠలో విగ్రహం కింద ఉంచేది యంత్రం (గీతలు, అక్షరాలు చెక్కిన రేకు), నవరత్నాల పేరిట చిన్న చిన్న రాళ్ళు. వాటి కోసం నందులను పగలగొట్టేవారిని గుడి మింగేవాడికి గుళ్ళో లింగం ఒక లెక్కా అనే అనాలి. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.

అపోహ: అమాయక భక్తే గొప్పది, ప్రశ్నిస్తే పుణ్యం పోతుంది.

వాస్తవం: దీనికి పాలకుర్తి సోమనాథుని బసవపురాణంలోని ముగ్ధభక్తులను ఉదాహరణగా చూపేవారున్నారు. గొడగూచి కథను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఆ పిల్ల పాలగిన్నె పట్టుకొని నేరుగా శివుని దగ్గరికే పోయింది, తాగితే తప్ప కదలనని ఆయనతోనే పట్టుబట్టింది. ఆమె అమాయకత్వం మీద బతికినవాడు ఆ కథలో ఎక్కడా లేడు. ఇక ప్రశ్నల సంగతి అంటారా, పద్దెనిమిది అధ్యాయాలు చెప్పిన తరువాత కూడా కృష్ణుడు అర్జునునితో, దీన్నంతా పూర్తిగా విమర్శించుకొని నీకు తోచినట్టు చేయి అన్నాడు. అంతకంటే పెద్ద గురువు నేనని చెప్పుకునేవాడికి మాత్రమే మన ప్రశ్న కోపం తెప్పిస్తుంది.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అన్న సామెత మా వృత్తి మీద పుట్టిందే, దాన్ని నేను తప్పించుకోలేను. తొలినాళ్ళలో ఒక ఇంట్లో శాంతికి పుస్తెలతాడు తాకట్టు పెడుతుంటే, పెద్ద పురోహితుడు పక్కనే ఉన్నాడన్న భయంతోనూ, అందులో నా సంభావన కూడా ఉందన్న ఆశతోనూ నోరు మెదపలేదు. కొన్నేళ్ళ తరువాత భద్రకాళి గుడి మెట్ల దగ్గర ఆ ఇల్లాలు ఎదురుపడింది, మెడలో ఇంకా పసుపుతాడే ఉంది. నన్ను గుర్తుపట్టి, "బాగున్నరా అయ్యగారూ" అని దండం పెట్టింది. అప్పటి నుంచి సామాను చీటీ రాసేటప్పుడు నా సంభావన ఎంతో మొదటి వరుసలోనే రాస్తున్నాను.