ట్యాంకును కింద నుంచి చూస్తే: బ్రిటన్, కెనడా తొలి కవచ వాహనాలపై అపోహలు - వాస్తవాలు

సర్వీసంతా ట్రాక్ బండ్ల కింద పడుకుని నట్లు బిగించినవాణ్ణి. రిటైరయ్యాక పాత బండ్ల చరిత్ర మీద పడ్డాను. ట్యాంకు అనగానే ఎవరైనా ఫిరంగి ఎంత, ఉక్కు మందం ఎంత అనే అడుగుతారు. ట్రాక్ ఎలా ఉంది, గేర్లు ఎవరు మారుస్తారు, పెట్రోలు ఇంజిన్‌కు ఎలా అందుతుంది అని అడిగినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. బ్రిటన్, కెనడా చేసిన తొలి ప్రయోగాల్లో ఏ బండి నిలిచింది, ఏది మూలన పడింది అన్నది మాత్రం చాలావరకు తేల్చింది ఇవే. వీడియోల్లో, గేముల్లో చూసి జనం నమ్మే కొన్ని మాటల్ని ఆ కోణం నుంచే సరిచూద్దాం.

అపోహ: ట్యాంకును కనిపెట్టింది చర్చిల్.

చర్చిల్ పూనుకోకపోతే అది అంత తొందరగా వచ్చేది కాదు, ఒప్పుకుంటాను. 1915 ఫిబ్రవరిలో నౌకాదళ మంత్రిగా ఉండి నేల మీద నడిచే కవచ బండి కోసం ల్యాండ్‌షిప్స్ కమిటీ వేసింది ఆయనే. సైన్యం వైపు నుంచి స్వింటన్ అనే ఇంజినీరింగ్ అధికారి అంతకుముందు నుంచే ఇదే మాట చెబుతూ వచ్చాడు. కమిటీ వేయడం ఒక ఎత్తు, బండి నడిపించడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని చేసింది లింకన్ పట్టణంలో వ్యవసాయ యంత్రాలు తయారుచేసే విలియం ఫాస్టర్ కంపెనీని నడిపే విలియం ట్రిటన్, ఆయనకు జతపడిన ఇంజినీరు వాల్టర్ విల్సన్. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆవిష్కర్తల పారితోషికాలు తేల్చడానికి వేసిన రాయల్ కమిషన్ పెద్ద మొత్తం, 15,000 పౌండ్లు, ఇచ్చింది ఈ ఇద్దరికే.

లాన్సెలాట్ డి మోల్ అనే ఆస్ట్రేలియన్ 1912లోనే ఇలాంటి బండి నమూనా గీసి బ్రిటిష్ యుద్ధ శాఖకు పంపాడు. అది అటకెక్కింది. కమిషన్ ఆయన తెలివిని మెచ్చుకుని, ఖర్చులు మాత్రం చేతిలో పెట్టి పంపించింది. సర్కారు ఫైళ్ల సంగతి ఏ దేశంలోనైనా అంతే మరి.

అపోహ: ట్యాంకు తొలి నమూనా 'లిటిల్ విల్లీ' ఫెయిలైన బండి.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1915 సెప్టెంబర్‌లో లింకన్‌లో కదిలిన మొదటి బండికి వేసినవి షికాగో నుంచి తెప్పించిన బుల్లక్ ట్రాక్‌లు. అవి ట్రాక్టర్‌కు తగినవి, ఇంత బరువుకు కావు. బండి కందకం మీదికి వెళ్లగానే కింది ట్రాక్ గాల్లో వేలాడి జారేది. అవతలి గట్టు తగిలేసరికి చక్రాల వరుసలో మళ్లీ కూర్చోక, సైకిల్ చైన్‌లా ఊడి వచ్చేది. రబ్బరు లాంటి బలాటా బెల్టు ప్రయత్నించారు, ఉక్కు తాడు ప్రయత్నించారు, ఏదీ పని చేయలేదు.

చివరికి ట్రిటన్ తన సొంత ట్రాక్ చేశాడు. ప్రెస్‌లో వంచిన ఉక్కు పలకల్ని లింకులకు రివెట్ కొట్టి, ఆ లింకుల లోపలి అంచులు బండి చట్రానికి ఉన్న పట్టాల్లోనే జారేలా అమర్చాడు. ఇక ట్రాక్ కిందికి వేలాడే వీల్లేదు. 1915 సెప్టెంబర్ 22న లండన్‌కు టెలిగ్రామ్ వెళ్లింది: ప్రెస్ చేసిన పలకతో ట్రిటన్‌కు బిడ్డ పుట్టింది, బరువు తక్కువ, బలం ఎక్కువ, అంతా క్షేమం అని. బురదలో ఊడిన ట్రాక్‌ను గడ్డపారలతో ఎక్కించిన ఏ మెకానిక్‌కైనా ఆ టెలిగ్రామ్‌లోని సంబరం వెంటనే అర్థమవుతుంది.

ఆ ట్రాక్ వేసుకున్న బండే లిటిల్ విల్లీ, డిసెంబర్‌లో సిద్ధమైంది. అది తయారయ్యేలోపే విల్సన్ ఇంకో మెట్టు ఎక్కి, ట్రాక్‌ను బండి చుట్టూ తిప్పే వాలు చతుర్భుజపు ఆకృతి గీశాడు. అది 'మదర్'. 1916 ఫిబ్రవరి 2న హాట్‌ఫీల్డ్ పార్కులో యుద్ధ మంత్రి కిచెనర్, ఆయుధ తయారీ మంత్రి లాయిడ్ జార్జ్‌ల ముందు కందకాలు దాటి చూపించింది. పది రోజుల్లో 100 బండ్లకు ఆర్డరు వచ్చింది. మదర్ కాళ్లకు ఉన్నది లిటిల్ విల్లీ మీద నిలబడిన ట్రాకే. దాన్ని ఫెయిల్ అని ఎలా అంటారు? మదర్ ఆ తర్వాత తుక్కుకు పోయింది. లిటిల్ విల్లీని మాత్రం ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో చూడొచ్చు.

అపోహ: ఉక్కు పెట్టెలో కూర్చున్న సిబ్బందికి భయం ఉండేది కాదు.

మదర్ నమూనాలో చేసిన మార్క్ 1 ట్యాంకు లోపలికి ఒకసారి మనసులోనే ఎక్కండి. బరువు 28 టన్నులు, మనుషులు 8 మంది, మధ్యలో 105 హార్స్‌పవర్ డైమ్లర్ ఇంజిన్. ఇంజిన్‌కూ మనుషులకూ మధ్య గోడ లేదు. వేడి, పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, తుపాకుల పొగ అన్నీ ఒకే గదిలో. లోపల 50 డిగ్రీల దాకా వేడెక్కేది. గుండు బయట తగిలితే లోపలి ఉక్కు పెచ్చులు ఎగిరి మొహం మీద పడేవి. అందుకే సిబ్బందికి గొలుసుల జాలీ వేలాడే తోలు ముసుగులు ఇచ్చారు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది బండి తిప్పే పద్ధతి. నడపడానికే నలుగురు కావాలి. డ్రైవరు ప్రధాన గేరు చూస్తాడు, కమాండరు బ్రేకులు పడతాడు, వెనుక ఇద్దరు గేరుమన్లు చెరో ట్రాక్ గేరూ మారుస్తారు. ఆ రొదలో కేక వినపడదు కాబట్టి డ్రైవరు ఇంజిన్ మూత మీద దబదబా కొట్టి, వెనక్కి తిరిగి వేళ్లతో సైగ చేసేవాడు. బండి ఆపాలి, ఒక పక్క గేరు తీసేయాలి, బ్రేకు పట్టాలి, అప్పుడు గానీ తిరగదు. ఎదుట జర్మన్ ఫిరంగి ఉండగా ఇదంతా చేయాలి. వేగం గంటకు 6 కిలోమీటర్లు దాటదు.

పెట్రోలు ట్యాంకులు ముందువైపు, ఎత్తున ఉండేవి. ఇంజిన్‌కు పెట్రోలు తనంతట తానే దిగాలి. బండి ముక్కు గోతిలో పడిందంటే ధార ఆగి ఇంజిన్ చచ్చిపోయేది. మార్క్ 4లో పెట్రోలు ట్యాంకును వెనక్కి మార్చి, వ్యాక్యూమ్‌తో లాగే ఏర్పాటు చేశారు. మార్క్ 5లో విల్సన్ ఎపిసైక్లిక్ గేర్లు (ఒక గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేవి) వచ్చాక ఒక్క డ్రైవరే బండిని తిప్పగలిగాడు. నా లెక్కలో తొలినాటి ట్యాంకుల చరిత్రలో పెద్ద మలుపు ఇదే, ఫిరంగి కాదు.

1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో తొలిసారి దించినప్పుడు చేతిలో ఉన్నవి 49, బయల్దేరే గీత దాకా చేరినవి 32. మిగతావి శత్రువు చేతిలో పోలేదు. దారిలోనే చెడిపోయాయి, కూరుకుపోయాయి.

అపోహ: ప్రపంచంలో తొలి ఆర్మర్డ్ కారు సిమ్స్ 1899లో చేసినదే.

ఫ్రెడరిక్ సిమ్స్ 1899లో చూపించిన 'మోటార్ స్కౌట్' నాలుగు చక్రాల బండి మీద ఒక మాక్సిమ్ తుపాకి, ముందు చిన్న డాలు, అంతే. నడిపేవాడి వీపుకు గాలే కవచం. నిజంగా ఉక్కు చుట్టిన ఆయన 'వార్ కార్' 1902లో క్రిస్టల్ ప్యాలెస్‌లో జనం ముందుకొచ్చింది. సైన్యం కొనలేదు.

అపోహ: టరెట్లు (బండి మీద తిరిగే తుపాకి గుమ్మటాలు) పెరిగితే బలం పెరుగుతుంది.

బ్రిటన్ ఆయుధ కంపెనీ విక్కర్స్ చేసిన 'ఇండిపెండెంట్', 1926. ఐదు టరెట్లు, చేసింది ఒక్కటే బండి. ఖర్చుకు దడిసి అక్కడితో ఆపేశారు.

గేముల్లో కుర్రాళ్లు ముద్దుగా ఆడుకునే బ్రిటిష్ ట్యాంకు 'టాగ్ 2' సంగతి వేరు. 80 టన్నులు, పది మీటర్ల పొడవు. దీన్ని చూసి నవ్వేవాళ్లు తెలుసుకోవలసింది, 1939లో మళ్లీ కందకాల యుద్ధమే వస్తుందని అనుకుని ట్రిటన్, విల్సన్, స్వింటన్‌లతో కూడిన పాత జట్టునే పిలిచి చేయించారని. డీజిల్ ఇంజిన్ కరెంటు పుట్టిస్తే మోటార్లు ట్రాక్‌లను తిప్పే ఏర్పాటు అందులో ఉంది. అంతటి బరువును గేర్లు విరగకుండా కదిలించడం చిన్న పనేం కాదు. బండి బయటికొచ్చిన 1941 నాటికి యుద్ధం కందకాలను వదిలి వేగం అందుకుంది.

అపోహ: బ్రిటిష్ సైన్యం వద్దన్న బండి పనికిరానిది.

1928లో విక్కర్స్ 6 టన్నుల ట్యాంకు చేసింది. సొంత సైన్యం తీసుకోలేదు. కంపెనీ బయటి దేశాలకు అమ్ముకుంది. సోవియట్ యూనియన్ లైసెన్సు కొని టీ-26 పేరుతో పది వేలకు పైగా చేసింది, పోలండ్ 7టీపీ చేసింది. కార్డెన్-లాయిడ్ అనే బుల్లి ట్యాంకెట్ కూడా బయటి దేశాలకు పాకింది. ఇటలీ, పోలండ్, సోవియట్ యూనియన్ దాని పోలికలోనే తమవి చేసుకున్నాయి.

అపోహ: కెనడాకు సొంతంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ట్యాంకు పుట్టకముందే, ఫ్రాన్స్ నుంచి వెళ్లి స్థిరపడిన రేమండ్ బ్రూటినెల్ 1914లో కెనడాలో మోటారు మెషీన్‌గన్ దళం కట్టాడు. పెన్సిల్వేనియాలోని ఆటోకార్ లారీ చాసిస్‌ల మీద ఉక్కు పలకలు బిగించిన 8 పైకప్పులేని కార్లు ఆ దళానికి వెన్నెముక. 1918 మార్చిలో జర్మన్లు విరుచుకుపడి మిత్రసేన వెనక్కి తగ్గుతున్నప్పుడు ఆ ఖాళీలను పూడ్చింది ఇవే. ఒక కారు ఒట్టావాలోని కెనడియన్ వార్ మ్యూజియంలో ఉంది.

'రామ్' ట్యాంకు అమెరికా షెర్మన్‌కు నకలు అనే మాట తరచూ వినిపిస్తుంది. తేదీలు చూడండి. మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్‌లో రామ్ నమూనా 1941 జూన్‌లో వచ్చింది, షెర్మన్ నమూనా సెప్టెంబర్‌లో. రెండింటి కింది భాగం అమెరికన్ ఎం3 ట్యాంకుదే, పోలిక అక్కణ్నుంచి వచ్చింది. రెండు వేల దాకా చేసినా రామ్ ట్యాంకుగా యుద్ధం చూడలేదు. షెర్మన్లు వరసగా అందుతుంటే ఇంకో రకం ట్యాంకును, దానికి వేరే విడిభాగాలను మోయడం ఎవరికి కావాలి?

1944 ఆగస్టులో నార్మండీలో కెనడా జనరల్ గై సైమండ్స్ తన కాల్బలాన్ని గుండ్లకు బలివ్వకుండా ముందుకు పంపాలనుకున్నాడు. కెనడా వర్క్‌షాప్ మెకానిక్‌లు ప్రీస్ట్ ఫిరంగి బండ్ల తుపాకులు పీకేసి, ఖాళీ చోటుకు ఉక్కు పలకలు వెల్డు చేసి, వారం రోజుల్లో డెబ్భైకి పైగా సిద్ధం చేశారు. ఆ తర్వాత పక్కన పడున్న రామ్‌ల టరెట్లు ఎత్తేసి సైనికులను కూర్చోబెట్టారు. అవే కంగారూలు. పనికిరాదని పెట్టిన బండి ఇలా పనిలోకి వచ్చింది.

అలాగని సైనికులను మోసే తొలి కవచ వాహనం కంగారూ కాదు. 1918లో బ్రిటన్ మార్క్ 9ని 30 మంది సైనికుల కోసమే చేసింది. మొత్తం 34 తయారయ్యాయి. ఒకదానికి పక్కన డ్రమ్ములు, ట్రాక్‌కు తెడ్లు కట్టి హెండన్ దగ్గర చెరువులో ఈదించారు, అది 1918 నవంబర్ 11. యుద్ధం ముగిసిన రోజే.

కెనడియన్ పసిఫిక్ రైల్వే వాళ్ల ఆంగస్ షాపులు 1,420 వాలెంటైన్ ట్యాంకులు చేశాయి. 30 మినహా అన్నీ సోవియట్ యూనియన్‌కే వెళ్లాయి. 1944లో యుక్రెయిన్‌లో మంచు పగిలి మునిగిపోయిన ఒకదాన్ని 1990లో పైకి తీసి కెనడాకు తిరిగిచ్చారు.

అపోహ: ఇవేవీ మన దేశం దాకా రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో చేసిన ఫోర్డ్ చాసిస్‌లు మన రేవుల్లో దిగితే, టాటా ఉక్కు పలకలు తొడిగి 'ఇండియన్ ప్యాటర్న్ వీల్డ్ క్యారియర్'లు తయారయ్యేవి. భారత సైన్యం వాటిని ఇటలీలో, బర్మాలో నడిపింది. బ్రిటిష్ బండ్లను దగ్గరగా చూడాలంటే మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి వెళ్లండి. రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కారు, వాలెంటైన్, మటిల్డా, చర్చిల్ అక్కడున్నాయి. ముందు ఒంగి ట్రాక్ లింకుల పిన్నులు చూడండి, ఆ తర్వాతే ఫొటోకు ఫిరంగి పక్కన నిలబడండి.