వాద్యం లేని చర్చి నుంచి ఒపెరా సింహాసనానికి: రష్యన్ బేస్ గొంతు నేపథ్యం

రష్యన్ బేస్ గాయకుల మాట వస్తే చాలామంది రెండు కారణాలు చెబుతారు. ఒకటి అక్కడి చలి, రెండోది అక్కడి మనుషుల ఒడ్డూ పొడుగూ. రెండూ నిలబడవు. గడ్డకట్టే చలి ఐరోపాలో ఇంకా చాలా దేశాల్లో ఉంది, ఆజానుబాహువులకూ ఎక్కడా కరవు లేదు. అయినా ఒపెరాలో, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకంలో, లోతైన మగ గొంతును కథానాయకుడి స్థానంలో కూర్చోబెట్టిన సంప్రదాయం ప్రధానంగా రష్యన్లదే. దాని వెనుక ఉన్నది ప్రకృతి వరం కాదు. ఒక మత నియమం, దాని చుట్టూ శతాబ్దాలపాటు సాగిన శిక్షణ, కొందరు స్వరకర్తల పట్టుదల, చివరగా ఒక మహానటుడు కలిసి ఆ గొంతును తయారు చేశారు.

పాశ్చాత్య సంగీతంలో మగ గొంతులను పైనుంచి కిందికి టెనర్, బారిటోన్, బేస్ అని మూడు తరగతులుగా చూస్తారు. బేస్ గాయకుడు మామూలుగా దిగే అడుగు స్వరం సెకనుకు సుమారు 82 కంపనాలది. గిటారులో అన్నిటికన్నా లావు తీగ పలికే స్వరం అదే. రష్యన్ చర్చి బృందాల్లో అంతకన్నా కిందికి, 60 కంపనాల దరిదాపులకు దిగేవారు ఉన్నారు. మిగతా బేస్ గాయకుల కంటే ఒక స్థాయి కింద పాడే వీరిని ఒక్టవిస్టులు అంటారు. మన లెక్కలో చెప్పాలంటే అనుమంద్రంలో నిలకడగా పాడేవారన్నమాట.

988లో కీవ్ పాలకుడు వ్లదీమిర్ బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) నుంచి క్రైస్తవాన్ని స్వీకరించాడు. దానితోపాటు ఆరాధనలో వాద్యాలు ఉండకూడదన్న ఆచారమూ వచ్చింది. దేవుడికి నివేదించేది మాట. ఆ మాటను పలకగలిగేది మనిషి గొంతు ఒక్కటే. అందుకే రష్యన్ ఆర్థొడాక్స్ చర్చిలో ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాద్యం) లేదు. బయట గంటలు మోగుతాయి, లోపల మనుషులు మాత్రమే పాడతారు. చాలా శతాబ్దాలు అందరూ ఒకే స్వరవరుసను పాడేవారు. 17వ శతాబ్దంలో నేటి ఉక్రెయిన్ ప్రాంతం మీదుగా బహుళ గాత్ర గానం మాస్కోకు చేరింది. పైన పిల్లల గొంతులు, మధ్యలో టెనర్లు, అడుగున బేస్ అన్న అమరిక స్థిరపడింది. జర్మనీ చర్చిలో ఆర్గన్ పెద్ద గొట్టాలు చేసే పనిని ఇక్కడ మనుషుల ఛాతీలు చేయాల్సి వచ్చింది. అవసరం పుట్టాక వెతుకులాట మొదలైంది. లోతైన గొంతు ఉన్న కుర్రవాడు ఏ మారుమూల గ్రామంలో ఉన్నా అతని చెవిని, గొంతును పరీక్షించి బృందంలోకి తీసుకునే వ్యవస్థ ఏర్పడింది.

గాయక బృందం కన్నా నాకు ముఖ్యంగా తోచేది డీకన్ పదవి. పూజారికి సహాయకుడిగా నిలబడి, ప్రార్థనలను బిగ్గరగా చదివేది అతనే. సువార్త పఠనాన్ని గొంతు అడుగున మొదలుపెట్టి, వాక్యం వాక్యానికీ కొద్దికొద్దిగా స్వరం పెంచుతూ, చివరి మాటలకు చర్చి గోడలు అదిరేంత ఎత్తుకు తీసుకెళ్లడం వారి పద్ధతి. పండుగల్లో, పెళ్లిళ్లలో దీర్ఘాయువు కోరుతూ చేసే ప్రకటన కూడా అలాగే సాగుతుంది. ఫలానా చర్చిలో ఫలానా డీకన్ చదువుతున్నాడంటే మాస్కో వర్తకులు పనిగట్టుకుని వెళ్లి వినేవారు. క్రెమ్లిన్‌లోని ఉస్పెన్‌స్కీ కెథడ్రల్ ప్రొటోడీకన్ (ప్రధాన డీకన్) కాన్‌స్టాంటిన్ రోజొవ్ 20వ శతాబ్దం తొలి రోజుల్లో నగరమంతా ఎరిగిన పేరు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జనం విన్నది రాగం కాదు, పఠనం. ఒక్కో అక్షరం స్పష్టంగా వినపడే పఠనం. రష్యన్ ఒపెరాకు అందిన వారసత్వంలో అసలైనది ఇదేనని నా నమ్మకం.

అదే కాలంలో ఇటలీ, ఫ్రాన్స్ ఒపెరాల్లో బేస్ గొంతుకు పరిమితమైన చోటే దక్కింది. ప్రేమికుడు టెనర్. బేస్‌కు మిగిలేవి తండ్రి, మతగురువు, ముసలి రాజు, సైతాను, లేదా నవ్వించే పిసినారి. మన పద్యనాటక వేదిక మీద కూడా తారస్థాయిలో రాగం తీసిన గొంతుకే వన్స్‌మోర్లు పడ్డాయి కాబట్టి ఆ అభిరుచి మనకు కొత్తేమీ కాదు. రష్యన్లు దాన్ని తలకిందులు చేశారు.

ఆ పని 1836 నవంబరు 27న (కొత్త కేలండర్ ప్రకారం డిసెంబరు 9న) సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైంది. మిఖాయిల్ గ్లింకా రాసిన ‘జార్ కోసం ప్రాణం’ ఆ రోజు తొలిసారి వేదికెక్కింది. 1613లో పోలిష్ సైనికులను అడవిలోకి దారి తప్పించి, వారి చేతిలో చనిపోయిన ఇవాన్ సుసానిన్ అనే రైతు కథ అది. ప్రేమజంట ఉంది, టెనర్ ఉన్నాడు. కానీ కథ బరువంతా మోసేది పెద్దవయసు రైతు. ఆయన గొంతు బేస్. తెల్లవారితే చావు తప్పదని తెలిసి, ఉదయాన్ని పిలుస్తూ పాడే ఘట్టంలో అంతకుముందు బేస్ గాయకులకు దొరకని ఒంటరితనం ఉంది, భయం ఉంది, ఆ భయాన్ని దిగమింగిన పెద్దరికం ఉంది.

ఆ పాత్ర తొలిసారి పాడిన ఒసిప్ పెత్రోవ్ రష్యన్ సామ్రాజ్యపు దక్షిణ భాగంలోని యెలిజవెత్‌గ్రాద్‌లో పుట్టారు. చిన్నప్పుడు చర్చి బృందంలో పాడారు. 1826లో నాటక బృందంతో వేదికెక్కి, 1830లో రాజధానికి వచ్చి మోత్సార్ట్ ‘మాయా వేణువు’లో సరాస్ట్రో పాత్రతో అడుగుపెట్టారు. ఆ తరువాత దాదాపు అర్ధ శతాబ్దం రష్యన్ ఒపెరా ఆయన గొంతు చుట్టూ అల్లుకుంది. గ్లింకా ‘రుస్లాన్, లుద్మిలా’లో రుస్లాన్, దర్గొమీఝ్‌స్కీ ‘రుసాల్కా’లో మతి చలించిన పిండిమిల్లు యజమాని, ముసోర్గ్‌స్కీ ‘బోరిస్ గొదునోవ్’లో తాగుబోతు సన్యాసి వర్లామ్, ఇలా మూడు తరాల స్వరకర్తలు ఆయన్ను మనసులో ఉంచుకుని రాసుకున్నారు. ఒక మంచి గొంతు కళ్లెదుట ఉంటే రచన దాని వైపు మొగ్గుతుంది. పెత్రోవ్ లేకపోతే గ్లింకా సుసానిన్ మరోలా ఉండేవాడు. ఆయన భార్య అన్నా వొరొబ్యోవా గొంతు కాంట్రాల్టో. అంటే ఆడ గొంతుల్లో అతి లోతైనది. సుసానిన్ పెంచుకున్న కుర్రవాడు వాన్యా పాత్ర ఆమెదే. లోతు మీద రష్యన్లకున్న ఇష్టం మగ గొంతుతో ఆగలేదని చెప్పడానికి ఆ జంటే సాక్ష్యం.

గ్లింకా తన ఒపెరా విజయం తరువాత 1837లో రాజాస్థాన గాయక బృందానికి సంగీత శిక్షకుడు అయ్యారు. మరుసటి ఏడాది కొత్త గొంతుల కోసం ఉక్రెయిన్ అంతా తిరిగారు. అలా వెతకడం ఆయనతో మొదలైంది కాదు. అదే బృందాన్ని 18వ శతాబ్దం చివరి నుంచి తీర్చిదిద్దిన ద్మిత్రీ బొర్త్‌న్యాన్‌స్కీ స్వయంగా ఉక్రెయిన్‌లోని హ్లూఖివ్ నుంచి పిల్లవాడిగా వచ్చినవారే. 1847లో ఆ బృందాన్ని విన్న ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ మంత్రముగ్ధుడై రాశారు. ఐరోపాకు ఈ గొంతుల గురించి అందిన తొలి వార్తల్లో అదొకటి.

‘బోరిస్ గొదునోవ్’ దగ్గరకు వచ్చేసరికి ఈ కథ పరాకాష్ఠకు చేరుతుంది. పుష్కిన్ నాటకం ఆధారంగా మొదెస్త్ ముసోర్గ్‌స్కీ 1869లో పూర్తి చేసిన తొలి పాఠాన్ని సామ్రాజ్య నాటకశాలలు తిరస్కరించాయి. చెప్పుకోదగిన స్త్రీ పాత్ర లేదన్నది ముఖ్యమైన అభ్యంతరం. నిజమే, అందులో ఉన్నదంతా మగవారి చీకటి. పసివాడైన రాకుమారుడి హత్య భారం మోస్తున్న జార్ బోరిస్, గదిలో దీపం ముందు చరిత్ర రాసుకునే వృద్ధ సన్యాసి పీమెన్, సత్రంలో కజాన్ ముట్టడి పాట అందుకునే వర్లామ్, ముగ్గురూ లోతైన గొంతులే. ఒకే రకం గొంతులోంచి అధికారం, జ్ఞాపకం, అల్లరి మూడింటినీ వేరువేరుగా పలికించడం ఆయన ప్రతిభ. పోలిష్ ప్రభువు కూతురి పాత్రను చేర్చి సవరించాక, 1874లో మారిన్‌స్కీ నాటకశాలలో పూర్తి ప్రదర్శన జరిగింది. తొలి బోరిస్‌గా పాడిన ఇవాన్ మెల్నికోవ్ బారిటోన్. ఆ పాత్ర బేస్ గాయకుల సొత్తుగా స్థిరపడింది తరువాతే.

ముసోర్గ్‌స్కీ కోరుకున్నది మాట్లాడే మనిషి లయలోంచి పుట్టే సంగీతం. దానికి లోతైన గొంతు ఎందుకు అంత బాగా ఒదుగుతుందో శబ్దశాస్త్రం చెబుతుంది. గొంతు ఎంత కింద పలికితే దాని అనుస్వరాలు, అంటే అసలు స్వరంతోపాటు పుట్టే పై కంపనాలు, అంత దగ్గరదగ్గరగా ఉంటాయి. నోటి ఆకృతి వాటిలో కొన్నిటిని బలపరచి అచ్చులకు రూపం ఇస్తుంది కాబట్టి ‘ఆ’, ‘ఓ’, ‘ఊ’ తేడాలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆడ గొంతుల్లో అన్నిటికన్నా పైదైన సోప్రానో అతి పైస్థాయిలో పాడేటప్పుడు అచ్చులన్నీ కలిసిపోయి ఒకేలా వినపడతాయి. శిక్షణ పొందిన గాయకుడి గొంతులో 3000 కంపనాల దగ్గర మరో మెరుపు ఉంటుంది. వాద్యబృందం బలం తక్కువగా ఉండే చోటు అది. అందుకే మైకు లేకుండానే ఆ గొంతు వాద్యాలను దాటి చివరి వరుసకు చేరుతుంది. గద్దింపు, గొణుగుడు, ప్రార్థన, పశ్చాత్తాపం అన్నీ మాట పోకుండా పాటలో ఇమిడే చోటు బేస్. డీకన్ పఠనం విని పెరిగిన శ్రోతలకు అది కొత్తగా అనిపించలేదు.

ఈ సంప్రదాయాన్ని ప్రపంచం ముందు నిలబెట్టిన మనిషి ఫ్యోదర్ షల్యాపిన్. 1873లో కజాన్‌లో పేద కుటుంబంలో పుట్టారు. చెప్పులు కుట్టే పని నేర్చుకున్నారు, చర్చి బృందంలో పాడారు. త్బిలిసిలో ద్మిత్రీ ఉసాతోవ్ అనే గురువు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. 1896లో మాస్కోలో సవ్వా మామొంతోవ్ అనే వ్యాపారి నడిపిన ప్రైవేటు ఒపెరాలో చేరాక ఆయన దశ తిరిగింది. చిత్రకారుల మధ్య మేకప్, దుస్తులు, నిలబడే తీరు నేర్చుకున్నారు. అక్కడ కండక్టరుగా (వాద్యబృంద నిర్వాహకుడిగా) ఉన్న స్వరకర్త రఖ్మానినోవ్‌తో కలిసి బోరిస్ పాత్రను అధ్యయనం చేసి, 1898లో పాడారు. 1901లో మిలన్‌లోని లా స్కాలా ఒపెరా నాటకశాలలో, కండక్టరు తొస్కానీని నిర్వహణలో, ప్రసిద్ధ టెనర్ కరూసో సరసన, స్వరకర్త అర్రీగో బోయితో రాసిన ‘మెఫిస్తోఫెలె’ ఒపెరాతో ఇటాలియన్లను వారి గడ్డ మీదే గెలిచారు. 1908లో కళాప్రదర్శనల నిర్వాహకుడు ద్యాగిలేవ్ పారిస్‌కు తీసుకెళ్లిన ‘బోరిస్ గొదునోవ్’ మిగతా పని పూర్తి చేసింది.

షల్యాపిన్ గొంతు అంత లోతైనది కాదని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆయనది పైకి తేలికగా వెళ్లే బేస్. బారిటోన్ పాత్ర అయిన రూబిన్‌స్టైన్ ‘దెమొన్’ కూడా పాడారు. పాతాళానికి దిగే స్వరం ఆయన బలం కాదు. 1928 జులై 4న లండన్ కొవెంట్ గార్డెన్ ఒపెరా నాటకశాలలో ప్రదర్శన జరుగుతుండగా రికార్డు చేసిన బోరిస్ ఘట్టాలు ఇప్పుడూ వినవచ్చు. చనిపోయిన పిల్లవాడు కళ్ల ముందు కదులుతున్నాడని జార్ వణికే చోట పాట ఎక్కడ ఆగింది, మాట ఎక్కడ మొదలైంది అన్నది పట్టుకోలేం. ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరు ఎంత కిందికి దిగారన్న పోటీ వీడియోలకు లక్షల వీక్షణలు వస్తున్నాయి. అవి చూసి రష్యన్ బేస్ అంటే అంతేననుకోవడం ఆ కళకు అన్యాయం.

అలాగని అడుగు స్వరానికి విలువ లేదనడం లేదు. దాని చోటు చర్చి గానం. 1915లో మాస్కో సినోదల్ బృందం పాడిన రఖ్మానినోవ్ ‘రాత్రి జాగరణ’ ఐదో భాగం చివర బేస్ గాయకులు మెట్టుమెట్టుగా 58 కంపనాల స్వరం దాకా దిగుతారు. అలాంటి గొంతులు ఎక్కడ దొరుకుతాయని బృంద నిర్వాహకుడు నికొలాయ్ దనీలిన్ కలవరపడితే, తన దేశస్థుల గొంతులు తనకు తెలుసని స్వరకర్త ధీమాగా ఉన్నారట. గొంతులు దొరికాయి. మూడేళ్లలోనే విప్లవం ఆ బృందాన్ని మూసేసింది.

తరువాతి చరిత్రలో నష్టం, వలస రెండూ ఉన్నాయి. చర్చిలు మూతపడటంతో గొంతులను తయారు చేసిన బడి పోయింది. మాక్సిమ్ మిఖాయిలోవ్ ప్రొటోడీకన్‌గా ఉన్నవారు. 1930లో చర్చి కొలువు వదిలి రేడియోలో చేరి, 1932లో మాస్కో బొల్షోయ్ నాటకశాలకు వెళ్లి, సోవియట్ కాలపు ప్రసిద్ధ సుసానిన్‌గా నిలిచారు. జార్ పేరు తీసేసి 1939లో కొత్త పాఠంతో వచ్చిన ఒపెరాను పాడిన ఆ గొంతు చర్చిలో తయారైనదే. షల్యాపిన్ 1922లో దేశం వదిలారు. 1938లో పారిస్‌లో చనిపోయారు. ఆయన అస్థికలు 1984లో మాస్కో చేరాయి. అంతర్యుద్ధంలో ఓడిన సైనికులు టర్కీ శిబిరంలో 1921లో కూడగట్టిన సెర్గేయ్ జారోవ్ దొన్ కజాక్ బృందం ఒక్టవిస్టుల గొంతును పశ్చిమ దేశాల సభలకు చేర్చింది. బల్గేరియాకు చెందిన బోరిస్ క్రిస్తోవ్ రెండుసార్లు ‘బోరిస్ గొదునోవ్’ రికార్డు చేసి, రెండుసార్లూ బోరిస్, పీమెన్, వర్లామ్ మూడు పాత్రలూ తానే పాడారు. మార్క్ రైజెన్ 1985లో తొంభై ఏళ్ల వయసులో బొల్షోయ్ వేదిక మీద చైకోవ్‌స్కీ ‘యెవ్‌గేనీ అనేగిన్’లో గ్రేమిన్‌గా పాడారు. ముదిమిలో పుట్టిన ప్రేమ గురించిన గ్రేమిన్ పాటను పాడటానికి తగిన వయసే అది.

2022 డిసెంబరు 7న లా స్కాలా తన సీజన్‌ను ‘బోరిస్ గొదునోవ్’ తొలి పాఠంతో, ఇల్దార్ అబ్ద్‌రజాకోవ్ టైటిల్ పాత్రతో ప్రారంభించింది. ఉక్రెయిన్ మీద దాడి జరుగుతుండగా రష్యన్ సంస్కృతికి ఈ గౌరవం ఏమిటని ఉక్రెయిన్ దౌత్యాధికారి అభ్యంతరం చెప్పారు. ఒపెరా మాత్రం నేరం చేసి గద్దెనెక్కిన పాలకుడి కుంగుబాటు గురించినది. దాన్ని వేయడమే సరైనదని నా అభిప్రాయం. అయితే ఆ అభ్యంతరంలోని బాధ వెనుక ఒక చారిత్రక సత్యం ఉంది. రష్యన్ బేస్ అని ప్రపంచం పిలుస్తున్న సంప్రదాయంలో చాలా భాగం ఉక్రెయిన్ నేల నుంచి వచ్చింది. బొర్త్‌న్యాన్‌స్కీ ఊరు హ్లూఖివ్. తొలి సుసానిన్ పెత్రోవ్ పుట్టిన యెలిజవెత్‌గ్రాద్ నేటి క్రొపివ్‌నిత్స్కీ. రైజెన్ పుట్టింది దొనెత్స్క్ ప్రాంతపు గని కార్మికుల యూదు కుటుంబంలో. ఉక్రెయిన్ ఒక్కటే కాదు, అబ్ద్‌రజాకోవ్ స్వయంగా రష్యాలోని ఉఫాకు చెందిన బష్కిర్ జాతివారు. కచేరీ కరపత్రాల్లో గాయకుల పరిచయం రాసేవారు ఈ ఊళ్ల పేర్లను కూడా రాయడం మొదలుపెట్టాలి.